అక్షరం పూర్తిగా వచ్చేదాకా

తప్పు ఫాంటుది అయ్యుండదు, ఫాంటే లేకపోతే అక్షరాలన్నీ డబ్బాలై కూర్చోవాలి గాని ఇలా అక్కడొకటి ఇక్కడొకటి తెగిపోవు, అనుకుంటూ ఆమె నల్లటి తెర మీదికి ఇంకాస్త వంగింది, టెర్మినల్లో చిరునామాలు ఒకదాని వెనక ఒకటి పైకి జరిగిపోతున్నాయి, బడి పక్కన, బజారు చివర, నీళ్ళ ట్యాంకు ఎదురుగా, అన్నీ నిక్షేపంగా ఉన్నాయి, అంతలో ఒక మాట మధ్య అక్షరం మాయమై దాని చోట నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం, ఒకటి చాలదన్నట్టు పక్కనే ఇంకోటి, ముందుపళ్ళు ఊడినవాడు ఎగతాళిగా నవ్వినట్టు, నవ్వు నాయనా నవ్వు, నీ మూలంగానే కదా ఈ అంబులెన్సు కంట్రోలు రూము మొత్తం వదిన మీద విరుచుకుపడింది, వదిన అంటే ఎవరికో వదిన కాదు, ఫోన్లు ఎత్తే సీట్లో అందరికంటే పాత మనిషి, డ్రైవర్లకీ నర్సులకీ ఆఖరికి డైరెక్టరు గారికీ వదినే, ఆవిడ చిరునామా తప్పు కొట్టిందట, అందుకే బండి దారి తప్పిందట, భోజనాల తర్వాత మీటింగు, అందులో ఆవిడని ఫోన్ల దగ్గర నుంచి లేపి స్టోరు గదిలో కూర్చోబెడతారట, తప్పు కొట్టలేదని నిరూపించాలంటే అది చెయ్యగలిగిన మనిషి ఈ భవనంలో ఒక్కతే, తెరలు చూసుకునే తను, అందరూ తెరలమ్మాయి అని పిలిచే తను, కాని నిరూపించడం ఒక ఎత్తు, నోరు తెరిచి నలుగురిలో చెప్పడం ఇంకో ఎత్తు, ఎందుకంటే తనకి నత్తి.

సెట్టింగులు చూసింది, భాష సెట్టింగు సరిగ్గానే ఉంది, తెర మీద వేరే కిటికీ తెరిచి బండి దారి తప్పిన ఆ చిరునామాని నేరుగా ఫైల్లోంచి చదివించింది, వజ్రం లేదు గిజ్రం లేదు, కాలువకు అవతల, పిండిమర వెనక, మొదటి ఇల్లు, చుక్క పోకుండా ఉంది, అంటే వదిన వేళ్ళు చేసిన పని దోషం లేనిది, ఆమెకి అక్కడికక్కడే లేచి అరవాలనిపించింది, చూశారా, చూశారా, కాని అరుపు గొంతు దాకా వచ్చి ఆగుతుందని తెలుసు, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అని బళ్ళో టీచరు అనేది, అందరూ నవ్వేవాళ్ళు, హాజరు పిలిచినప్పుడు వచ్చాను అనే మాట నోట రాక నిలబడితే పై తరగతి అన్నయ్య కిటికీలోంచి తల పెట్టి వచ్చింది టీచర్ అని అరిచి పారిపోయేవాడు, వాడికి పుణ్యం ఉంటుంది, వాడు మంచివాడే, అందరూ మంచివాళ్ళే, అదే వచ్చిన చిక్కు, ఒక్కరైనా చెడ్డవాళ్ళయితే తిరగబడి ఉండేది, బస్సులో దిగాల్సిన స్టాపు పేరు నాలిక మీదికి రాక దాని ముందు స్టాపుకి టిక్కెట్టు తీసుకుని నడిచి ఇంటికి వెళ్ళేది, ఎండలోనూ వానలోనూ, కండక్టరు పాపం అడిగేవాడు, నడకంటే ఇష్టమా అమ్మా అని, ఔనని తల ఊపేది, నడకంటే ఇష్టం ఏమిటి నీ మొహం, కాళ్ళు పీక్కుపోయేవి.

ఫైల్లో బాగుంది, తెర మీద తెగింది, మరి మధ్యలో ఏముంది, మధ్యలో ఉన్నది ఎక్స్‌ప్రెస్ రాసిన ప్రోగ్రాము, ఎక్స్‌ప్రెస్ అంటే తన సీనియరు, ఆ పేరు ఎవరు పెట్టారో గాని సరిగ్గా పెట్టారు, ఎవరు ఏ మాట మొదలుపెట్టినా చివర ఆయనే చేరుకుంటాడు, వదిన ఫోన్లో విని కొట్టిన చిరునామాని పక్క గదిలో బళ్ళు పంపే అతని తెరకి చేర్చే ప్రోగ్రాము ఆయనది, ఎంత వేగమో చూశారా, రెప్పపాటు కూడా ఆగదు అని చెప్పుకుంటాడు, వజ్రాలు ఆ ప్రోగ్రాము పెట్టినప్పటి నుంచీ ఉన్నాయి, మొదట్లో అందరూ గొణిగారు, తర్వాత అలవాటు పడ్డారు, తర్వాత గొప్ప చెప్పుకోవడం మొదలుపెట్టారు, దానికి రాళ్ళేరడం అని పేరు కూడా పెట్టారు, బియ్యంలో రాళ్ళు తీసేసినట్టు వజ్రాలు తీసేసి అక్కడ ఏ అక్షరం ఉండాలో ఊహించుకుని చదివెయ్యడం, కొత్తగా బళ్ళు పంపే సీట్లోకి వచ్చిన వాళ్ళకి మొదటి వారమంతా అదే పాఠం, ఎవరు తొందరగా ఏరితే వాళ్ళు మొనగాళ్ళు, తను ఒకసారి ఇది బాగుచెయ్యాలి సార్ అని కాగితం మీద రాసి ఇస్తే ఎక్స్‌ప్రెస్ చదివి నవ్వి, మనవాళ్ళు కళ్ళు మూసుకుని చదివేస్తున్నారుగా అన్నాడు, కళ్ళు మూసుకునే చదివారు, చదివి బండిని కాలువకి ఇవతల తిప్పారు.

బండి దారి తప్పిన పొద్దున ఒకావిడ ఫోను చేసింది, భర్త కుట్టుమిషను మీదే ఒరిగిపోయాడు, మూతి వంకర పోయింది, ఆవిడకి నోట మాట లేదు, కాలువకు అంటుంది, ఆగిపోతుంది, ఏడుపు, మళ్ళీ కాలువకు, వదిన చెప్పమ్మా వింటున్నా అని మాత్రం అంది, అవతలా ఇవతలా అని అడగలేదు, ఎందుకు అడగలేదని ఇప్పుడు అందరూ దులిపేస్తున్నారు, ఆ రికార్డింగు నాలుగుసార్లు వేసుకుని విన్నారు, ఈ నిశ్శబ్దం ఏమిటి, ఇంతసేపు నోట్లో ఏం పెట్టుకుంది అని, వదినకి ఒక పద్ధతి ఉంది, భయంలో ఉన్న మనిషికి మాట అందిస్తే ఏది అందిస్తే దానికి ఔనంటాడు, అవతలా అంటే ఔను, ఇవతలా అంటే ఔను, అందుకని అందించకూడదు, వాళ్ళ నోట వచ్చేదాకా చెవి ఒగ్గి కూర్చోవాలి, ఎంతో సేపు కాదు గాని చాలాసేపు అనిపిస్తుంది, కూర్చుంది, అవతల అని ఆ ఆవిడే అంది, వదిన అవతల అనే కొట్టింది, ఆ అక్షరమే వచ్చి తెర మీద తెగింది, అ పోయి రెండు వజ్రాలూ వాటి పక్కన వతల, బళ్ళు పంపే అతను రాళ్ళేరడంలో ఆరితేరినవాడు, ఎక్కువ ఫోన్లు ఇవతలి నుంచే వస్తాయి కదా, ఇవతల అని ఏరేశాడు, తలుపు తోసి వదినా ఏమిటిది అని ఒక్క మాట అడిగితే ఎంత బాగుండు, అడగలేదు, బండి ఇవతల సందులన్నీ తిరిగి, లేని పిండిమరని వెతికి, వంతెన మీదుగా చుట్టు తిరిగి అవతలికి చేరేసరికి ఆలస్యమైపోయింది, దర్జీ ఆయుష్షు గట్టిది, బతికాడు, కుడిచెయ్యి మాత్రం లేవడం లేదట, దర్జీకి కుడిచెయ్యి లేవకపోతే ఇంకేం మిగిలింది, ఈ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమెకి ఎవరి చెంపైనా పగలగొట్టాలనిపిస్తుంది, ఎవరిదో తెలియదు.

వెనక నుంచి వదిన వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది, ఏమైనా దొరికిందా అమ్మాయ్ అని అడగలేదు, పల్లీలు నములుతూ తెర వంక చూసింది, ఆవిడ అంతే, ఎప్పుడూ అడగదు, మొదట్లో తను ఏదో చెప్పబోయి మాట ఇరుక్కుపోతే వదిన మొహంలో జాలీ లేదు, చిరాకూ లేదు, తల తిప్పుకోవడం లేదు, ఫోను పెట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది, ఆ రోజు ఇంటికి వెళ్ళాక తనకి ఏడుపొచ్చింది, ఎందుకొచ్చిందో అమ్మకి చెప్పబోతే అమ్మ సగంలోనే అందుకుని తలనొప్పా, టీ పెట్టనా అంది, అమ్మ ప్రేమంతా అదే, మాట అందివ్వడం, ఒక సంబంధం వచ్చినప్పుడు ముందు గదిలో పిల్లవాడి వాళ్ళంతా కూర్చుని ఉంటే పెద్దత్తయ్య వంటింట్లోకి వచ్చి ఏమే నచ్చాడా అని అడిగింది, నచ్చలేదు అందామనుకుంది, నచ్చ దాకా వచ్చింది, మిగతాది నాలికకి అతుక్కుపోయింది, అమ్మ చటుక్కున నచ్చాడంటోంది అని ముందు గదిలోకి పరుగెత్తింది, తర్వాత ఆ సంబంధం వదిలించుకోవడానికి తనెంత రభస చెయ్యాల్సి వచ్చిందో, కాగితాల మీద రాసి గోడలకి అంటించింది, పెళ్ళికూతుర్ని మార్చుకోండి అని రాసింది, నాన్న నవ్వాడు, అమ్మ మాత్రం నెలరోజులు మొహం మాడ్చుకుంది, నీకు మాట సాయం చేశాను కదే అని, సాయమే అమ్మా, కాదన్నదెవరు.

స్టోరులోకి పంపిస్తారటగా అంది వదిన పల్లీ పొట్టు ఊదుకుంటూ, పంపిస్తే పంపించమను, అక్కడ ఫ్యానైనా తిరుగుతుంది, కాని నా సీట్లో కూర్చోబెట్టేవాళ్ళకి ఆ ప్రశ్నల చిలకపలుకులు నేర్పిస్తారు చూడు, అవతలా ఇవతలా, గుండెనొప్పా కడుపునొప్పా, ఔను కాదు ఔను కాదు, అదే నా బాధ, అని లేచి వెళ్ళిపోయింది, పల్లీలు బల్ల మీదే ఉండిపోయాయి, ఆమె వాటిని చూసి తెర వైపు తిరిగి పళ్ళు కొరికింది, రా, ఇప్పుడు రా, ఎక్కడ తెగుతున్నావో చూస్తాను అనుకుని ఆ చిరునామా ముందు స్పేసు కొట్టి ఒక ఖాళీ పెట్టి మళ్ళీ పంపింది, అవతల నిండుగా వచ్చి కూర్చుంది, వజ్రం మాయం, ఇదేం వింత, ఇంకో ఖాళీ, బాగానే ఉంది, ఇంకో ఖాళీ, ఈసారి అవతల బాగుంది గాని దాని ముందున్న కాలువకు చివర తెగింది, తెగడం అక్షరం వల్ల కాదు, చోటు వల్ల, ఒకే చోట కత్తి పడుతోంది, ఆ చోటికి ఏ అక్షరం వస్తే అది తెగుతోంది.

ప్రోగ్రాము తెరిచింది, వెతకనక్కరలేకపోయింది, ఉంది, మన అక్షరం ఒక్కొక్కటీ తీగల్లో మూడు ముక్కలుగా నడుస్తుంది, ఇంగ్లీషు అక్షరానికి ఒక ముక్క చాలు, ఎక్స్‌ప్రెస్ ప్రోగ్రాము తీగలోంచి ఒక్కో దోసెడు ముక్కలు తీసుకుంటుంది, దోసిలి నిండగానే ఉన్నది ఉన్నట్టు తెర మీద గీసేస్తుంది, దోసిలి చివర ఒక అక్షరం తాలూకు ఒక ముక్కే ఉండి మిగతా రెండూ వెనక వస్తున్నా సరే, ఆగదు, ఆ ఒక్క ముక్కనీ చూసి ఇది అక్షరం కాదు అని వజ్రం గీస్తుంది, తర్వాతి దోసిట్లో రెండు ముక్కలూ వస్తాయి, ఇవీ అక్షరం కావు అని ఇంకో వజ్రం, వస్తూనే ఉన్నాయి కదరా, దారిలోనే ఉన్నాయి, ఒక్క క్షణం చేతిలో పట్టుకుని ఉంటే ఏం పోయింది, పోయింది ఎవరికో తెలుసా, దర్జీకి, ఆమెకి నవ్వూ ఏడుపూ కోపం మూడూ కలిసి వచ్చాయి, మిగిలిన ముక్కని పారెయ్యకుండా దాచుకుని తర్వాతి దోసిలితో కలిపి గీసేలా నాలుగు వరసలు మార్చింది, నాలుగే, పంపింది, ఖాళీలు పెట్టి పంపింది, తీసి పంపింది, ఊళ్ళో ఉన్న చిరునామాలన్నీ పంపింది, ఒక్క వజ్రం లేదు, వేగం ఇసుమంత కూడా తగ్గలేదు, ఇంత చిన్న పనికా ఇన్నేళ్ళు మనుషులు రాళ్ళేరారు.

ఎక్స్‌ప్రెస్ వచ్చి నిలబడ్డాడు, అన్నీ చూశాడు, మొహం కాస్త మారింది, మారినా క్షణమే, మంచిది, బాగా పట్టుకున్నావు, నువ్వొక కాగితం మీద రాసివ్వు, మీటింగులో నేను చెప్తాను, నీకెందుకు ఇబ్బంది అన్నాడు, ఆ ఇబ్బంది అనే మాట ఎంత మెత్తగా అన్నాడో, ఇన్నేళ్ళుగా తను రాసిచ్చినవన్నీ ఆయనే చెప్పాడు, చెప్పినప్పుడల్లా అవి కొద్దిగా ఆయన మాటలు అయిపోయేవి, ఒక మూల వంగేవి, ఒక మూల నున్నగా అయ్యేవి, ఈసారి ఏం చెప్తాడో కూడా తెలుసు, తెరలో చిన్న లోపం ఉన్నమాట నిజమే గాని అసలు కారణం ఆపరేటరు ఆలస్యం అంటాడు, చేతులు దులుపుకుంటాడు, ఆమె తల అడ్డంగా ఊపింది, ఆయనకి అర్థం కాలేదు, మళ్ళీ ఊపింది, నేనే అంది, ఆ రెండక్షరాలూ ఎక్కడా ఆగకుండా వచ్చాయి, నాలికకి కూడా ఒక్కోసారి పౌరుషం ఉంటుంది.

మీటింగు గదిలో పొడుగాటి బల్ల, డైరెక్టరు గారు ఒక చివర, పక్కన లెక్కల ఆఫీసరు, బళ్ళు పంపే అతను తల వంచుకుని, వదిన గోడ పక్కన చేతులు కట్టుకుని, చూపించడం వరకు సులువే అయింది, గోడ మీది పెద్ద తెరలో ఖాళీ పెట్టింది, తీసింది, పెట్టింది, అక్షరాలు తెగుతూ అతుక్కుంటూ ఉంటే మాట అవసరం లేకపోయింది, లెక్కల ఆఫీసరు కూడా కళ్ళద్దాలు సవరించుకుని అయితే ఈవిడ సరిగ్గానే కొట్టిందన్నమాట అన్నాడు, బళ్ళు పంపే అతను తలెత్తి నిన్ను అడగాల్సింది వదినా, నాదే తప్పు అన్నాడు నెమ్మదిగా, వదిన గడ్డం కొద్దిగా పైకెత్తింది, అంతే, ఇక్కడితో అయిపోయిందనుకుంది ఆమె, అవలేదు, ఎక్స్‌ప్రెస్ గొంతు సవరించుకున్నాడు, తెర సంగతి మేం చూసుకుంటాం, కాని ఫోన్లో ఆ నిశ్శబ్దం మాటేమిటి, ఇక నుంచి ఎవరూ అలా ఆగి కూర్చోకూడదు, మాట ఆగితే వెంటనే అందించాలి, ప్రశ్నలు తయారుచేశాను, అని ఒక కాగితం డైరెక్టరు గారి ముందుకి జరిపాడు, పాటించనివాళ్ళు ఫోన్ల దగ్గర ఉండరు, డైరెక్టరు గారు కలం తీశారు, ఎవరైనా ఏమైనా చెప్పేది ఉందా అన్నారు, ఆ ప్రశ్న సంతకానికి ముందు అడిగే మర్యాద ప్రశ్న, దానికి ఎవరూ జవాబు చెప్పరు.

ఆమె లేచి నిలబడింది, కుర్చీ కిర్రుమంది, ఫోన్లో ఉన్న మనిషి అంది, తర్వాతి మాట మాట అనేదే, మ దగ్గర పెదవులు మూసుకున్నాయి, తెరుచుకోలేదు, వచ్చింది పాత స్నేహితురాలు, అనుకుంది, ఎక్స్‌ప్రెస్ చల్లగా నవ్వుతూ మతి పోయి ఉంటాడు, అంతేగా నువ్వు చెప్పేది అన్నాడు, కాదు అంది ఆమె, కాదని మొదటి నుంచి మొదలుపెట్టింది, ఫోన్లో ఉన్న మనిషి, మళ్ళీ అక్కడే, లెక్కల ఆఫీసరు పాపం సాయం చేద్దామని మందులు తాగి ఉంటే అంటోందేమో అన్నాడు, ఎవరో కిసుక్కుమన్నారు, ఒకప్పుడైతే ఆ నవ్వుకి తను నేల చీలితే బాగుండుననుకునేది, ఔను సార్ మందులే అని కూర్చునేది, ఎన్ని ఔనులు, బతుకంతా ఎన్ని ఔనులు పారేసుకుంది, కాదు అంది, ఈసారి గట్టిగా, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది, ఎవరు అందిస్తే వాళ్ళ మాట పక్కన పెట్టి మొదటికొస్తాను, సాయంత్రం దాకా అందివ్వండి, సాయంత్రం దాకా మొదటికొస్తాను, చూద్దాం ఎవరికి ముందు విసుగొస్తుందో అనుకుంది, ఫోన్లో ఉన్న మనిషి, పెదవులు మూసుకున్నాయి, ఎక్స్‌ప్రెస్ నోరు తెరిచాడు, డైరెక్టరు గారు ఆయన వైపు చూడకుండానే ఉండండి అన్నారు, ఆవిడని చెప్పనివ్వండి.

గది నిశ్శబ్దమైంది, ఏసీ చప్పుడు, ఎవరో కాలు కదిపిన చప్పుడు, కలం బల్ల మీద పెట్టిన చప్పుడు, ఆమె పెదవులు ఇంకా మూసుకునే ఉన్నాయి, మొట్టమొదటిసారిగా ఆమె వాటిని తోయలేదు, ఇన్నాళ్ళూ ఈ నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా ఎదుటివాళ్ళ సమయం దొంగతనం చేస్తున్నట్టు వణికిపోయేది, క్షమించమన్నట్టు నవ్వేది, దగ్గరలో ఏ మాట దొరికితే ఆ మాట మార్చుకునేది, కావలసిన మాట వదిలేసి వచ్చే మాటతో సరిపెట్టుకునేది, నాలిక బాగుపడ్డాక మాట్లాడదాంలే అని ఊరుకునేది, ఎప్పటికి బాగుపడుతుంది, బాగుపడకపోతే, బాగుపడకపోతే ఏం, మాట లోపల నిండుగా ఉంది, వస్తోంది, దారిలోనే ఉంది, దానికి పట్టేంత సేపు దానికి పడుతుంది, ఆ సేపు తను ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు, అది తనదే, ఆగడం కూడా తను చెప్పేదాంట్లో భాగమే, అందులో ఇంకొకరి మాట పెట్టడానికి ఇకమీదట ఎవరికీ చోటివ్వదు, అమ్మకైనా సరే, అనుకుంటూ ఆమె బల్ల చుట్టూ ఉన్న మొహాలన్నిటినీ తీరిగ్గా ఒక్కొక్కటే చూసింది, ఎవరి మొహం చూసినా భయం వెయ్యలేదు, పెదవులు విడిపోయాయి, ఫోన్లో ఉన్న మనిషి మాట మనం పూర్తి చెయ్యకూడదు, వినాలి, అంది.